లేఅవుట్‌లో పార్కుకు వదిలిన స్థలం ఎవరిది?

పినాకినీతీరం
నెల్లూరు నుంచి ముత్తుకూరు వెళ్ళే వైపున ఉన్న ఒక లేఅవుట్‌లో నేను 36 అంకణాల (288 చదరపు గజాల) స్థలం కొని ఇల్లు కట్టుకున్నాను. అమ్మేటప్పుడు మాకు చూపిన ప్లానులో పడమటి హద్దు వెంట పార్కుకు స్థలం వదిలినట్లు ఆకుపచ్చ రంగుతో స్పష్టంగా గుర్తించారు. ఇప్పుడు లేఅవుట్ వేసిన వారి మనుషులు వచ్చి ఆ స్థలంలో రాతికూసాలు పాతి, దాన్ని ఆరు ప్లాట్లుగా విడగొట్టి అమ్మకానికి పెట్టారు. అడిగితే, ఒక మూల గుడికి ఇస్తామని, మిగిలినది అమ్మి ఆ డబ్బులో కొంత లోపలి రోడ్లకు ఖర్చు పెడతామని మా సంక్షేమ సంఘానికి చెప్పారు. సంఘంలో సగం మంది దీనికి ఒప్పుకుంటున్నారు, వచ్చే సమావేశంలో తీర్మానం కూడా చేస్తారట. ఆ స్థలాన్ని అమ్మే హక్కు వారికి ఉందా? సంఘం తీర్మానం చేస్తే ఆ హక్కు వస్తుందా? మేము ముందుగా ఏ కాగితాలు చూసుకోవాలి?

దస్తావేజు_లేఖరి
మీ లేఅవుట్‌కు ఎల్.పి. నంబరు, అంటే అధికారులు ఇచ్చే లేఅవుట్ అనుమతి నంబరు ఉందా, లేక పంచాయతీ తీర్మానంతోనే సరిపెట్టారా అన్నది ముందు తేల్చుకోండి. ఎల్.పి. నంబరు ఉంటే మీ పని సగం తేలికవుతుంది. మన రాష్ట్రంలో 2017 నాటి లేఅవుట్ నియమాల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి, దాన్నీ రోడ్లనూ ఉచితంగా, రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఆ భూమి మీద రిజిస్టరు అయిన లావాదేవీలు చూపే పత్రం, తీయించండి. దానపత్రం జరిగి ఉంటే అందులో దస్తావేజు నంబరుతో సహా కనిపిస్తుంది.

దుబాయ్_నెల్లూరు
నాకు కూడా ఆ వైపే ఒక ప్లాటు ఉంది కాబట్టి చెబుతున్నాను. పార్కు అని పేరే గాని అక్కడ ఉన్నది కంపచెట్లు, సీసాలు, పాములు. లేఅవుట్‌లో సగం ప్లాట్లు ఇంకా ఖాళీగా ఉన్నాయి. వాడని స్థలాన్ని పట్టుకొని కోర్టుల చుట్టూ తిరగడం కంటే, గుడి కట్టుకొని రోడ్లు వేయించుకుంటే ప్లాట్ల విలువ పెరుగుతుంది. సంఘంలో ఒప్పుకున్న వారిని తప్పు పట్టలేము.

కావలి_గృహిణి
వాడని స్థలం అని ఎవరు నిర్ణయించారు? మా లేఅవుట్‌లో పార్కు స్థలం ముళ్ళకంచె వెనుక ఉండిపోవడంతో పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటున్నారు, సాయంత్రం అయిదు దాటితే ట్రాక్టర్లు, టిప్పర్లు అదే రోడ్డు మీద వస్తాయి. పెద్దవాళ్ళు నడవాలన్నా, ఆడవాళ్ళు నలుగురు కూర్చొని మాట్లాడుకోవాలన్నా ఇంటి గడప తప్ప మరో చోటు లేదు. కంపచెట్లు కొట్టించాల్సిన వారు కొట్టించకుండా, కంపచెట్లు ఉన్నాయి కాబట్టి అమ్మేస్తామంటే ఎలా ఒప్పుకుంటాం? మీరు దుబాయ్‌లో ఉన్నారు గనుక మీకు ప్లాటు విలువ ముందు కనిపిస్తోంది, ఇక్కడ ఉండేవాళ్ళకు సాయంత్రం పూట పిల్లలు ముందు కనిపిస్తారు.

మెట్టరైతు_కందుకూరు
భూమి అమ్మినవాడి వైపు నుంచి ఒక లెక్క చెబుతాను, ఈ ఆశ ఎక్కడ పుడుతుందో అప్పుడు అర్థమవుతుంది. రామాయపట్నం ఓడరేవు మాట వచ్చినప్పటి నుంచి మా వైపు కొనేవారు వరుసగా వచ్చారు, 2014లో రాజధాని వదంతితో దొనకొండ వైపు ఎలా వచ్చారో అలాగే. మేము ఎకరాల లెక్కన అమ్మాము, వారు అంకణాల లెక్కన అమ్ముతారు. నెల్లూరు అంకణం 8 గజాలు, అంటే ఎకరానికి 605 అంకణాలు. రోడ్లకు మూడో వంతు వరకు పోతుంది, ఖాళీ స్థలానికి 60 అంకణాలు పోతాయి, అమ్మకానికి మిగిలేది 340 అంకణాల చుట్టుపక్కల. పది ఎకరాల లేఅవుట్ అయితే పార్కు స్థలమే ఒక ఎకరం అవుతుంది. మొదట్లో ఆ ఎకరం వదలడానికి ఎవరికీ పెద్ద బాధ ఉండదు, ఎందుకంటే అప్పుడు ధర తక్కువ. చుట్టూ ఇళ్ళు లేచి అంకణం ధర రెండింతలు, మూడింతలు అయ్యాక ఆ ఎకరం మీద కన్ను పడుతుంది. అది వారికి మిగిలిపోయిన సరుకులాగా కనిపిస్తుంది.

కావలి_గృహిణి
కాని ఆ ఎకరం ధర మనం ఇచ్చేశాం కదా! పార్కుకూ రోడ్లకూ పోయిన భూమి ఖర్చంతా మనకు అమ్మిన అంకణం ధరలో కలిపే వేశారు. ఒకసారి మన దగ్గర తీసుకున్న సొమ్ముకు మళ్ళీ ఇంకొకరి దగ్గర వసూలు చేయడమే ఇది.

మెట్టరైతు_కందుకూరు
అవునమ్మా, నేను చెప్పదలచుకున్నదీ అదే. ఎకరం అమ్మిన మాకూ అందులో పైసా రాదు, అంకణం కొన్న మీకూ రాదు.

విశ్రాంత_సర్వేయర్
పినాకినీతీరం గారు పడమటి హద్దు అన్నారు కాబట్టి ఒక విషయం చెప్పాలి. నేను చూసిన లేఅవుట్లలో చాలా వాటికి పార్కు స్థలాన్ని మధ్యలో వదలరు. నీరు నిలిచే పల్లపు మూలనో, హైటెన్షన్ తీగల కిందనో, పంట కాలువ గట్టును ఆనుకొనో వదులుతారు, ఎందుకంటే అక్కడ ప్లాటు అమ్ముడుపోదు. నెల్లూరు చుట్టూ కొత్తగా వచ్చిన లేఅవుట్లలో అనేకం ఒకప్పటి మాగాణి కయ్యలు. కనుపూరు కాలువ, సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ కింద నీరు పారిన భూములివి. కయ్య నుంచి కయ్యకు నీరు దిగే వాలు మట్టి తోలినంత మాత్రాన పోదు. ఆ పల్లపు మూల ఖాళీగా ఉన్నంత కాలం వాన నీరు అక్కడ చేరి ఇంకుతుంది. దాన్ని మూడు అడుగులు ఎత్తు చేసి ఆరు ఇళ్ళు కడితే, ఆ నీరు వెనక్కి మీ వీధుల్లోకే వస్తుంది.

మన జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయన్నది ఇక్కడి వారికి చెప్పనవసరం లేదు. 2015 నవంబరులో ఎలా మునిగామో, 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు కోవూరు వైపు జాతీయ రహదారి తెగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి ఎన్ని రైళ్ళు ఆగిపోయాయో చూశాము. అది నది చేసిన నష్టం. కాని నదికి దూరంగా ఉన్న కాలనీల్లోనూ మోకాలి లోతు నీరు రోజుల తరబడి నిలవడానికి కారణం మనం పూడ్చిన పల్లాలు, మూసిన పంటకాలువలు. ఒంగోలులో పోతురాజు కాలువ పక్కన ఉండే వారిని అడిగినా ఇదే చెబుతారు.

అందువల్ల పార్కు కాగితాలతో పాటు ఆ సర్వే నంబరు ఎఫ్.ఎం.బి. (కొలతలతో కూడిన సర్వే పటం) నకలు కూడా తీసుకోండి. అందులో కాలువ, డొంక (బండ్లు, పశువులు వెళ్ళే పాత దారి), పోరంబోకు (ప్రభుత్వ భూమి) ఏవైనా ఆ హద్దు వెంట ఉన్నాయేమో కనిపిస్తుంది. రీసర్వే పూర్తయిన గ్రామమైతే పాత సర్వే నంబరుకు బదులు ఎల్.పి.ఎం. (కొత్త భూకమత పటం) నంబరు ఉంటుంది, రెండింటినీ పోల్చి చూడాలి.

ఒంగోలు_మాస్టారు
గుడి సంగతి ఎవరూ తాకడం లేదు కాబట్టి నేను చెబుతాను. నేను నిత్యం గుడికి వెళ్ళేవాడిని, ఆ అర్హతతోనే చెబుతున్నాను. బహిరంగ వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో ఏ మతానికి చెందిన ప్రార్థనా మందిరాన్నీ అనుమతి లేకుండా కొత్తగా కట్టనివ్వరాదని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరులోనే ఆదేశించింది. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని బెంగళూరు వ్యాజ్యంలో 1991లోనే తీర్పు ఇచ్చింది. ఆసుపత్రి కూడా మంచి పనే, అయినా పార్కు స్థలం పార్కుకే అని ఆ తీర్పు సారాంశం.

మా కాలనీలో జరిగింది వినండి. మొదట పార్కు మూలలో చిన్న మండపం కట్టారు. తరువాత ప్రహరీ కట్టారు. ఆ ప్రహరీకి రోడ్డు వైపు నాలుగు దుకాణాలు పెట్టి, అద్దె గుడి నిర్వహణకు అన్నారు. ఆ అద్దె ఎవరి చేతికి రావాలన్న దగ్గర సంఘం రెండుగా చీలింది, చీలిక కులాల వారీగా జరిగింది. ఇప్పుడు ఒకే వీధిలో రెండు వినాయక పందిళ్ళు వేస్తున్నారు, ఒకరి పందిరికి మరొకరు వెళ్ళరు. చందా రెండు చోట్లా ఇచ్చి, ప్రసాదం రెండు చోట్లా తింటున్నది పిల్లలు మాత్రమే. ఆ పిల్లలకు ఆడుకునే చోటు పోయింది. ప్లాట్లు అమ్మేవారు గుడిని ఎందుకు ముందుకు తెస్తారో నాకు అక్కడ అర్థమైంది. గుడికి ఇచ్చిన మూలను ఎవరూ ప్రశ్నించలేరు, ఆ మౌనంలో మిగిలిన ఆరు ప్లాట్లూ రిజిస్టరు అయిపోతాయి.

దుబాయ్_నెల్లూరు
మాస్టారూ, భక్తితో గుడి కావాలనుకునే వారిని కబ్జాదారులతో కలిపి మాట్లాడడం బాధగా ఉంది. మా అమ్మ ఒంటరిగా ఉంటుంది. నడిచి వెళ్ళే దూరంలో గుడి ఉంటే ఆమెకు ఎంతో ఊరట.

ఒంగోలు_మాస్టారు
మీ అమ్మగారి కోరికను నేను తక్కువ చేయలేదు. గుడి కావాలంటే అందరూ చందాలు వేసుకొని ఒక ప్లాటు కొనండి, నేనూ ఇస్తాను. పిల్లల స్థలంలో కట్టవద్దన్నదే నా మాట.

అద్దె_ఇంటివాడు
ఇక్కడ మాట్లాడుతున్న వారంతా యజమానులు, నేను అద్దెకు ఉండేవాడిని. మా సంఘంలో నెలనెలా నిర్వహణ రుసుము నేను కడతాను, ఓటు మాత్రం చెన్నైలో ఉండే ఇంటి యజమానిది. పార్కు అమ్మాలా వద్దా అన్న సమావేశంలో నాకు కుర్చీ ఉండదు. కాని సాయంత్రం ఆ పార్కులో ఉండేది ఆయన కాదు, మా పిల్లలు.

ఇంకొక మాట కూడా చెప్పనివ్వండి. నేను ముస్లింని. నెల్లూరులో ఈ ఇల్లు దొరికే ముందు చాలా గడపలు తొక్కాను. పేరు విన్నాక ఇల్లు ఖాళీ లేదన్నారు. కొందరు మాంసం వండుతారా అని అడిగారు. నా సహోద్యోగిని నేరుగా కులం అడిగారు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున అన్ని మతాల వారూ ఒకరి చేతిలో రొట్టె మరొకరు అందుకునే ఊరు ఇది, అదే ఊరిలో ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు ఇలా జరుగుతోంది. పార్కులో మాత్రం నా పిల్లవాడిని ఎవరి అబ్బాయివి అని అడగకుండా ఆటలో చేర్చుకున్నారు. అలాంటి చోటును ధర కట్టి అమ్మితే మాలాంటి వారికి జరిగే నష్టం ఏ దస్తావేజులోనూ రాయరు.

కావలి_గృహిణి
మీరు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అద్దెకు ఉండేవారిని కనీసం సమావేశానికి పిలవాలని మా సంఘంలో నేను అడుగుతాను.

డొంకదారి
నేను లేఅవుట్‌లో ఉండేవాడిని కాను. లేఅవుట్ గోడకు అవతల, ఎస్సీ కాలనీలో ఉంటాను. ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. మీ పార్కు పోతోందన్న మీ బాధ న్యాయమైనది, అందులో నాకు సందేహం లేదు. కాని మీ పార్కు కంటే ముందు పోయినవి ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు.

మా కాలనీ నుంచి చేలకూ, శ్మశానానికీ వెళ్ళడానికి తాతల నాటి నుంచి ఒక డొంక ఉండేది. గ్రామ పటంలోనూ ఉంది. పక్కన భూమి లేఅవుట్ అయినప్పుడు ఆ డొంకను ప్లానులో లోపలి రోడ్డుగా చూపించారు. రోడ్డు వచ్చింది కదా అని మేమూ సంతోషించాము. ఇళ్ళు వచ్చాక ప్రహరీ కట్టారు, ప్రహరీకి గేటు పెట్టారు, గేటు దగ్గర కాపలా మనిషిని కూర్చోబెట్టారు. ఇప్పుడు పశువులను తోలుకు వెళ్ళాలన్నా మమ్మల్ని ఆపి అడుగుతారు. శవాన్ని మోసుకు వెళ్ళినప్పుడు లోపల నుంచి వద్దని, పెద్ద రోడ్డు మీదుగా చుట్టి వెళ్ళమని చెప్పారు. మా పెద్దాయన ఒకరిని ఆ ఎండలో మైళ్ళు తిప్పి తీసుకువెళ్ళాము. గేటు లోపల ఉన్నవారు చెడ్డవారని నేను అనడం లేదు. వారిలో చాలా మందికి ఆ రోడ్డు ఒకప్పుడు డొంక అనే తెలియదు, వారికి అమ్మినవారు చెప్పలేదు.

మీ పార్కు కోసం మీరు కలెక్టరేటుకు వెళ్ళేటప్పుడు, మీ గోడ కింద ఉన్న మా దారి సంగతి కూడా అడుగుతారా? మేము వెళ్ళి అడిగితే, లేఅవుట్ వాళ్ళది ప్రైవేటు స్థలం అని వెనక్కి పంపుతున్నారు.

పినాకినీతీరం
మీ మాట చదివాక మా ప్లాను తీసి మళ్ళీ చూశాను. పార్కు పక్కనుంచి వెళ్ళే పడమటి రోడ్డు మిగిలిన రోడ్లలాగా తిన్నగా లేదు, వంకరగా ఉంది. ఆ చివర గోడ ఉంది, గోడ అవతల కాలనీ ఉంది. అది డొంకేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎఫ్.ఎం.బి. తీయించి చూస్తాను. డొంక అయితే మా అర్జీలో ఆ విషయం కూడా ఉంటుంది, సంఘంలో ఎవరు కాదన్నా సరే.

విశ్రాంత_సర్వేయర్
లేఅవుట్ రోడ్డును సర్వేయరు గొలుసుతో తిన్నగా గీస్తాడు, వంకర రోడ్డు ఉందంటే అది అంతకుముందే ఉన్న దారి అయి ఉంటుంది. డొంక ప్రభుత్వ పోరంబోకు, దాన్ని ఎవరూ మూయకూడదు. మరొక సంగతి, దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు చేరిన లేఅవుట్ రోడ్లు కూడా బహిరంగ రోడ్లే. వాటికి గేటు పెట్టి మనుషులను ఆపే అధికారం ఏ సంఘానికీ లేదు. చాలా కాలనీలు ఈ మాట వినడానికి ఇష్టపడవు. పార్కు పంచాయతీది కాబట్టి అమ్మకూడదని వాదించేవారు, రోడ్డు కూడా పంచాయతీదే కాబట్టి గేటు తీయాలన్న మాటనూ ఒప్పుకోవాలి.

దుబాయ్_నెల్లూరు
గేటు తీస్తే దొంగతనాల భయం ఉంటుంది కదా? మా అమ్మ ఒంటరిగా ఉంటుందని ముందే చెప్పాను.

డొంకదారి
అయ్యా, మీ ఇళ్ళు కట్టిన మేస్త్రీలు, మీ ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు మా కాలనీ వారే. వారు పొద్దున అదే గేటులోంచి లోపలికి వస్తారు, అప్పుడు ఎవరికీ భయం లేదు. రాత్రి కాపలా పెట్టుకోండి, వీధి దీపాలు వేయించుకోండి, మాకు అభ్యంతరం లేదు. దారి మాత్రం మూయకండి.

దుబాయ్_నెల్లూరు
మీరు చెప్పిన దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక సంఘం తీర్మానం విషయానికి వస్తే, మెజారిటీ ఒప్పుకుంటే చాలదా అన్న పినాకినీతీరం గారి ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు.

దస్తావేజు_లేఖరి
చాలదు. రెండు సందర్భాలను వేరుగా చూడాలి.

దానపత్రం రిజిస్టరు అయి ఉంటే ఆ స్థలం స్థానిక సంస్థది. లేఅవుట్ వేసినవారికీ, సంఘానికీ, ప్లాట్లు కొన్న మీ అందరికీ కలిపి కూడా దాన్ని అమ్మే హక్కు లేదు, నూటికి నూరు మంది సంతకాలు పెట్టినా లేదు. 2011 నాటి గ్రామ పంచాయతీ ఆస్తుల రక్షణ నియమాల ప్రకారం అలాంటి స్థలాలను కాపాడాల్సిన బాధ్యత పంచాయతీదే.

దానపత్రం జరగకపోతే వ్యవహారం కొంచెం చిక్కు. కొందరు కావాలనే దాన్ని జాప్యం చేస్తారు. అయినా రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ) చట్టం 2016 లోని 14వ సెక్షన్ ఉంది. మంజూరైన లేఅవుట్ ప్లానును, ఉమ్మడి స్థలాలను మార్చాలంటే కొనుగోలుదారులలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సమావేశంలో చేతులెత్తిన తీర్మానం దానికి సరిపోదు. ఆ ఒప్పుదల ఉన్నా, మార్చిన ప్లానును మంజూరు చేసిన సంస్థ మళ్ళీ ఆమోదించాలి, 10 శాతం ఖాళీ స్థలం లేని ప్లానుకు ఆమోదం ఎక్కడి నుంచి వస్తుంది? 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయాలి కాబట్టి, నమోదు చేసిన ప్లాను ఆ వెబ్‌సైటులో ఉంటుంది, దించుకొని దగ్గర పెట్టుకోండి. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఏర్పడింది 2017లో. మీ లేఅవుట్ అంతకు ముందుదా, తరువాతదా అన్నదాన్ని బట్టి అసలు ఫైలు ఏ కార్యాలయంలో ఉందో తెలుస్తుంది.

ఆ ఆరు ప్లాట్లు రిజిస్టరు కాకుండా ఆపడం ఇప్పుడు అన్నిటికంటే అత్యవసరం. స్థానిక సంస్థ రాస్తే ఆ సర్వే నంబరులోని ఆ విస్తీర్ణాన్ని 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో చేర్చవచ్చు. సబ్ రిజిస్ట్రారుకు మీరు కూడా ప్లాను నకలు జతచేసి అభ్యంతర లేఖ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.

మెట్టరైతు_కందుకూరు
లేఖరి గారూ, 22ఏ లో చేర్చేటప్పుడు విస్తీర్ణం, హద్దులు స్పష్టంగా రాయించమని వారికి చెప్పండి. లేకపోతే మొత్తం సర్వే నంబరు జాబితాలో పడి, నిజంగా కొన్నవారి ప్లాట్లు కూడా నిలిచిపోతాయి. చుక్కల భూముల విషయంలో మా వైపు రైతులు పడిన అవస్థ తెలిసి చెబుతున్నాను. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న భూమికి పాత రిజిస్టరులో పేరుకు బదులు చుక్కలు ఉన్నాయని ఆడపిల్ల పెళ్ళికి కూడా అమ్ముకోలేక ఏళ్ళు గడిపారు.

దస్తావేజు_లేఖరి
మంచి మాట చెప్పారు. హద్దులు నాలుగు దిక్కులా, చదరపు గజాలతో సహా రాయించాలి.

ఒంగోలు_మాస్టారు
స్థలాన్ని కాపాడుకున్నాక దాన్ని ఖాళీగా వదలకండి. మా పక్క కాలనీ వారు కోర్టు ఉత్తర్వు తెచ్చుకొని కూడా ఏమీ చేయకుండా ఉంటే మళ్ళీ కూసాలు వచ్చాయి. మరొక కాలనీ వారు పంచాయతీ అనుమతితో కంప కొట్టించి, చుట్టూ కానుగ, వేప మొక్కలు నాటి, నడక దారి వేశారు. మా ఊరి ఎండలకు నీళ్ళు లేక మొదటి వేసవిలో సగం ఎండిపోతే, ఇంటికి ఇన్ని బిందెలని వంతు వేసుకొని మిగిలిన వాటిని బతికించారు. అక్కడ జనం తిరుగుతున్నారు కాబట్టి ఎవరూ ఆ వైపు చూడడం లేదు.

అద్దె_ఇంటివాడు
బిందెల వంతులో అద్దెకు ఉండేవారిని కూడా చేర్చుకోండి.

పినాకినీతీరం
ఈసీ వచ్చింది, దానపత్రం రిజిస్టరు అయి ఉంది. అందులో రోడ్లు, పార్కు రెండూ ఉన్నాయి. సంఘం అధ్యక్షుడికి నకలు ఇచ్చాను, తీర్మానం ప్రస్తుతానికి వాయిదా వేశారు. సమాచార హక్కు చట్టం కింద లేఅవుట్ ఫైలు మొత్తం అడుగుతూ దరఖాస్తు పెట్టాను, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తాను. పార్కు, డొంక రెండూ ఒకే అర్జీలో రాయాలా, విడిగా రాయాలా?

విశ్రాంత_సర్వేయర్
విడిగా రాయండి. పార్కు విషయం పంచాయతీకీ, ప్లాను మంజూరు చేసిన సంస్థకూ వెళ్తుంది, డొంక విషయం తహసీల్దారుకు వెళ్తుంది. ఒకే కాగితంలో రాస్తే ఒక కార్యాలయం తనది కాదని రెండో దానికి తోసేస్తుంది. కాని రెండింటిలోనూ ఒకే మాట అడగండి, ఇరు పక్షాల సమక్షంలో ఒకే రోజు హద్దులు కొలవాలని. మీ పార్కు పడమటి హద్దు, ఆ డొంక తూర్పు హద్దు ఒకే రేఖ, ఒకదాన్ని కొలిస్తే రెండోది తేలుతుంది. కొలతకు ముందు సరిహద్దు వారికి నోటీసు వెళ్ళిందో లేదో చూసుకోండి, నోటీసు లేదన్న సాకుతో తరువాత కొట్టివేయిస్తారు.

డొంకదారి
డొంక అర్జీ మీద మా కాలనీ వారి సంతకాలు ఆదివారం లోపు తీసుకుంటాను. పాత సర్వే రాయి గోడ పునాదిని ఆనుకొని మట్టిలో ఉంది, మా పెద్దలకు ఆ చోటు తెలుసు. పినాకినీతీరం గారూ, సోమవారం మీరు ఎన్ని గంటలకు వస్తారో చెబితే మేమూ అప్పటికే వస్తాము.

పినాకినీతీరం
తొమ్మిదిన్నరకు గేటు దగ్గర ఉంటాను. ఎఫ్.ఎం.బి. నకలు మీకూ ఒకటి తెస్తాను.